ఇష్టపూర్వకంగా

వ్యాగన్ కంపెనీలో క్రేన్ నడిపిన ఆడమనిషి రత్నమాణిక్యం ఒక్కతే. రాజమండ్రి నుంచి ద్వారపూడి వైపు వెళ్ళే రైలు కట్ట పక్కన ఉండేది ఆ కంపెనీ. గూడ్సు బళ్ళకు పెట్టెలు తయారుచేసేవారు. షెడ్డు పైకప్పు కింద ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు పట్టాల మీద క్రేన్ కదులుతూ ఉంటే, దానికి వేలాడే చిన్న గదిలో ఖాకీ చొక్కా చీర మీదే తొడుక్కుని ఆమె కూర్చునేది.

ఆ ఉద్యోగం ఆమెకు భర్త పోయాక వచ్చింది. దొరబాబు అదే షెడ్డులో ఫిట్టరు. ఒకరోజు క్రేన్ గొలుసు జారి ఇనప పలక అతని మీద పడింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయాడు. అప్పటికి కూతురు భానుశ్రీ ఇంకా పాకుతోంది. కంపెనీ వాళ్ళు కారుణ్య నియామకం అని చెప్పి రత్నమాణిక్యానికి షెడ్డు ఊడ్చే పని ఇచ్చారు. పనిలో పోయినవాళ్ళ పెళ్ళాలకు ఊడ్చే పనో, క్యాంటీన్‌లో గిన్నెలు తోమే పనో ఇవ్వడం అక్కడ మామూలు.

ఆమెను క్రేన్ ఎక్కించింది జగన్నాథరావు. ఆయన పాత క్రేన్ డ్రైవరు, యూనియన్ కార్యదర్శి కూడా. చీపురు పట్టుకుని ఈవిడ తల పైకెత్తి చూస్తూ నిలబడిపోవడం ఆయన చాలాసార్లు గమనించాడు. భయమేస్తోందా అని అడిగాడు. భయం లేదండి, ఆ రోజు పైన కూర్చున్నతనికి మా ఆయన కనిపించాడో లేదో చూద్దామనుంది, అంది. ఆయన మర్నాడే ఆమెను నిచ్చెన ఎక్కించి గదిలో కూర్చోబెట్టాడు. షిఫ్టు అయ్యాక ఉండిపోయి నెలల తరబడి పని నేర్పాడు. ఆడమనిషికి క్రేన్ ఇవ్వడమేంటని ఆఫీసు వాళ్ళు అడ్డం తిరిగితే గొడవపడి పరీక్ష పెట్టించాడు. మగవాళ్ళు కొన్నాళ్ళు నవ్వారు. తరవాత ఆమె క్రేన్ కింద పని చేయడానికే ఇష్టపడ్డారు, ఎందుకంటే కింద మనిషి పక్కకు తప్పుకునేదాకా ఆమె హుక్కు కదిలించేది కాదు, ఎవరెంత తొందరపెట్టినా.

అప్పటి నుంచి జగన్నాథరావు ఆమెకు అన్నయ్య. భానుశ్రీకి చెవులు కుట్టించినప్పుడు మేనమామ స్థానంలో ఆయనే కూర్చుని పిల్లను ఒళ్ళో పెట్టుకున్నాడు.

తొంభైల చివరికి వచ్చేసరికి పెట్టెల ఆర్డర్లు తగ్గిపోయాయి. తయారైన అండర్‌ఫ్రేములు, అంటే పెట్టె కిందుండే ఇనప చట్రాలు, తీసుకెళ్ళేవాళ్ళు లేక యార్డులో గుట్టలు పడ్డాయి. రెండువేల సంవత్సరం వేసవిలో గేటు దగ్గర నోటీసు అంటించారు. ఇష్టమున్నవాళ్ళు స్వచ్ఛందంగా పదవీ విరమణ చేయవచ్చు, వీఆర్‌ఎస్ అని. ఆ సాయంత్రం గేటు ముందు యూనియన్ మీటింగు పెట్టారు. ఎవరూ సంతకం పెట్టకూడదని జగన్నాథరావు చెప్పాడు. ఒకరు పెడితే పక్కవాడి మెడ మీద కత్తి పెట్టినట్టేనన్నాడు. అందరూ చేతులెత్తారు. రత్నమాణిక్యం కూడా ఎత్తింది.

పర్సనెల్ మేనేజర్ శివరామకృష్ణ ఒక్కొక్కరినీ గదిలోకి పిలిపించాడు. కోపం తెలియని మనిషి. రత్నమాణిక్యం వెళ్తే కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, భానుశ్రీ చదువు ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ఇంటర్మీడియట్ అండి, అంది.

"చూడండమ్మా, ఇందులో బలవంతం ఏమీ లేదు. పూర్తిగా మీ ఇష్టం. కానీ ఇవాళ ఇస్తున్నది రేపు కూడా ఇస్తామని నేను చెప్పలేను."

ఆలోచించుకుంటానని చెప్పి ఆమె వచ్చేసింది. తరవాతి వారం ఆమెను క్రేన్ దింపేశారు. పని లేదు కాబట్టి రెండు క్రేన్లు అక్కర్లేదని చెప్పారు. కారుణ్యం కింద వచ్చిన ఆడవాళ్ళందరినీ ఒక చోట చేర్చి, యార్డులో చట్రాల మధ్య మొలిచిన పిచ్చిమొక్కలు పీకమన్నారు. అది రోహిణి కార్తె. ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలేది. మొక్కలు పీకేసిన చోటే మళ్ళీ పీకమనేవారు, ఎందుకంటే పీకడానికి ఇంకేమీ మిగల్లేదు. షెడ్డులోంచి మగవాళ్ళు టీకి వస్తూ పోతూ మొదట్లో పలకరించేవారు. తరవాత తల తిప్పుకుని వెళ్ళేవారు.

జగన్నాథరావు మాత్రం రోజూ మధ్యాహ్నం క్యాంటీన్ నుంచి మజ్జిగ పట్టించుకొచ్చేవాడు.

"ఓర్చుకో మాణిక్యం. నువ్వు విసిగిపోవాలనే వాళ్ళిలా చేస్తున్నారు. నువ్వు నిలబడితే అందరూ నిలబడతారు," అనేవాడు.

ఆమెకు ఆ మాట చాలేది. తనతో మొక్కలు పీకే లోవమ్మ ఎండకు సొమ్మసిల్లి పడిపోయి, లేచిన మర్నాడే సంతకం పెట్టింది. ఆ తరవాత వీరవేణి పెట్టింది. ఒక్కొక్కరూ వెళ్ళిపోతుంటే యార్డులో ఆమె దాదాపు ఒంటరిదైంది. అయినా రోజూ కొంగు నెత్తిన కప్పుకుని వెళ్ళేది. మజ్జిగ రావడం ఎప్పుడో ఆగిపోయింది. కమిటీ పనుల్లో తీరికలేక రావట్లేదనుకుంది.

ఒక ఆదివారం పొద్దున జగన్నాథరావు ఇంటికొచ్చాడు. ఆయన భార్యది ఆత్రేయపురం. అక్కడి నుంచి తెచ్చిన పూతరేకుల పొట్లం చేతిలో ఉంది. రత్నమాణిక్యం కుర్చీ వేసి కాఫీ పెట్టింది. అత్తగారు బుల్లెమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. జగన్నాథరావు కాఫీ తాగుతూ చాలాసేపు ఎండల గురించి మాట్లాడాడు.

"ఇంక నువ్వు సంతకం పెట్టెయ్యడం మంచిదమ్మా," అన్నాడు చివరికి.

ఆమెకు మొదట అర్థం కాలేదు.

"అదేంటన్నయ్యా, నిలబడమన్నది మీరే కదా."

అది అప్పటి మాట అన్నాడాయన. షెడ్డులోంచి ఇంకా కొంతమంది వెళ్ళకపోతే షెడ్డే మూసేస్తామని కంపెనీ తేల్చి చెప్పిందట. కమిటీ అంతా కూర్చుని మాట్లాడుకుందట. కారుణ్యం కింద వచ్చినవాళ్ళు వెళ్ళిపోతే మిగతావాళ్ళను ఉంచుతామని శివరామకృష్ణ మాట ఇచ్చాడట. కమిటీకి తనను ఎవరూ పిలవలేదే అని రత్నమాణిక్యం అడిగింది. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, నచ్చజెప్పే గొంతుతో అన్నాడు:

"వాళ్ళంతా ఐటీఐలు చదివి, పరీక్షలు రాసి వచ్చినవాళ్ళమ్మా. నీకైతే ఉద్యోగం ఊరికే వచ్చింది. నువ్వు వదులుకోవడంలో అంత కష్టం ఉండదు కదా."

చేటలో బుల్లెమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఊరికే రాలేదన్నయ్యా," అంది రత్నమాణిక్యం. గొంతు పెంచలేదు.

జగన్నాథరావు తన ఉద్దేశం అది కాదన్నాడు. నోరు జారిందన్నాడు. లేచి చెప్పులు వేసుకుంటుంటే బుల్లెమ్మ పొట్లం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

"పట్టుకెళ్ళు బాబూ. మా ఇంట్లో తీపి ఎవరూ తినరు."

భానుశ్రీకి పూతరేకులంటే ప్రాణం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగాక బుల్లెమ్మ కోడలితో ఒకటే మాట అంది. అది తన కొడుకు ప్రాణం పోతే వచ్చిన ఉద్యోగమని, తాను బతికుండగా సంతకం పెట్టొద్దని. పెట్టనని రత్నమాణిక్యం మాటిచ్చింది. ఆ రోజు ఆమెకు ఏడుపు రాలేదు. క్రేన్ గదిలో తన వెనక నిలబడి, భయపడకు, నేనున్నానుగా అంటూ తన చేతి మీద చెయ్యి వేసి లీవరు కదిలించిన మనిషి ఈయనేనా అని మాత్రం మళ్ళీ మళ్ళీ అనుకుంది. మర్నాడు యార్డుకు వెళ్ళి, మొక్కలు లేని నేల మీద కూర్చుంది.

ఆమె దిగిరాలేదని తెలిశాక షెడ్డు వాళ్ళు ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఎవరూ బెదిరించలేదు. ఉట్టినే వచ్చి అరుగు మీద కూర్చునేవారు. పిల్లల ఫీజులు, ఇంటి లోన్లు అంటూ గాలిలోకి చెప్పుకుని వెళ్ళేవారు. అవన్నీ ఆమె తట్టుకుంది. ఒకరోజు సాయంత్రం సుప్రియ వచ్చింది. వెల్డరు అశోక్ భార్య. చంకలో ఏడాది నిండని పిల్లాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరు వెళ్తే మా ఆయన ఉంటారంటండి పిన్నిగారూ. అడగడానికి సిగ్గుగానే ఉందండి."

పిల్లాడు ఏడుస్తుంటే భుజం మార్చుకుని అలాగే నిలబడింది. బుల్లెమ్మ లోపలికి వెళ్ళి చిన్న బెల్లం ముక్క తెచ్చి పిల్లాడి నోట్లో పెట్టింది. సుప్రియ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. చీకటి పడుతున్నా అత్తాకోడళ్ళిద్దరూ దీపం వేయకుండా కూర్చున్నారు.

"నీ ఇష్టం అమ్మాయ్," అంది బుల్లెమ్మ. "నేనడ్డం చెప్పను."

రత్నమాణిక్యం మర్నాడే ఆఫీసుకు వెళ్ళింది. శివరామకృష్ణ కాగితం ముందు పెట్టి, చదువుకుని పెట్టండమ్మా అన్నాడు. ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తిగా నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం వదులుకుంటున్నాను అని రాసి ఉంది.

"ఈ ఇష్టపూర్వకంగా అన్న మాట కొట్టేసి పెట్టొచ్చాండి?" అని అడిగింది.

"కుదరదమ్మా. ఆ మాట ఉంటేనే అది చెల్లుతుంది."

ఆయన వెటకారంగా అనలేదు. నిజమే చెప్పాడు. ఆమె సంతకం పెట్టింది.

వెళ్ళిపోతున్నవాళ్ళకు క్యాంటీన్‌లో సభ పెట్టారు. శాలువా కప్పి, స్టీలు క్యారేజీ ఇచ్చారు. జగన్నాథరావు మైకు పట్టుకుని, మన చెల్లెలు రత్నమాణిక్యం తోటి కార్మికుల కోసం చేసిన త్యాగం ఈ కంపెనీ చరిత్రలో నిలిచిపోతుందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెను కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు. లేచి మైకు దాకా వెళ్ళింది. ఊరికే వచ్చిన ఉద్యోగం అన్న మాట గురించి అక్కడ చెప్పేద్దామనుకుంది. మొదటి వరసలో సుప్రియ భర్త అశోక్ కూర్చుని తనవైపే చూస్తున్నాడు. అందరికీ నమస్కారమండి అని చెప్పి వచ్చి కూర్చుంది.

ఆ శాలువా పక్కింటి ముసలాయనకు ఇచ్చేసింది. వచ్చిన డబ్బు భానుశ్రీ చదువుకని బ్యాంకులో వేసి, తాను తమ ఊరు కడియంలోనే ఒక నర్సరీలో కూలికి కుదిరింది. వీరవేణి అప్పటికే అక్కడ ఉంది. నల్ల కవర్లలో ఎర్రమట్టి నింపడం, క్రోటన్ల కొమ్మలు నాటడం, లారీలు వచ్చినప్పుడు మొక్కలు మోయడం. వంగి వంగి నడుము పట్టేసేది. పక్కన పనిచేసేవాళ్ళకు ఆమె క్రేన్ నడిపేదని చెబితే నమ్మేవారు కాదు, అందుకని చెప్పడం మానేసింది.

ఏడాది తిరిగేసరికి షెడ్డు మూసేశారు. వీరవేణి ఆ కబురు మోసుకొచ్చింది. ఈసారి నోటీసు పెట్టి, ఇష్టమున్నవాళ్ళు అనకుండా అందరినీ పంపేశారు. మొదట వెళ్ళినవాళ్ళకు ఇచ్చినంత కూడా ఇవ్వలేదు. జగన్నాథరావూ వెళ్ళాడు, అశోకూ వెళ్ళాడు. శివరామకృష్ణ మాత్రం హైదరాబాదులో వేరే కంపెనీలో చేరాడట. విన్న క్షణంలో రత్నమాణిక్యానికి లోపల ఏదో చల్లబడినట్టయింది. బాగా అయింది అనుకుంది. మరుక్షణం సుప్రియ చంకలోని పిల్లాడు గుర్తొచ్చి, చేతిలో ఉన్న మట్టిని కవర్లో కుక్కి నొక్కింది. ఆ తరవాత ఒకసారి సంతలో సుప్రియ ఎదురైంది. అశోక్ మండపేటలో రైసు మిల్లులకు వెల్డింగు పనులు చేస్తున్నాడని అప్పటికే ఎవరో చెప్పారు. సుప్రియ ఆమెను చూసి, చూడనట్టు టమాటాల బుట్ట మీదికి వంగింది. పలకరిస్తే ఏం మాట్లాడాలో ఈమెకూ తెలియలేదు.

ఇంకో ఏడాది గడిచాక, కార్తీక్ అనే కుర్ర సూపర్‌వైజరు మోటారు సైకిలు మీద నర్సరీకి వచ్చి ఆమె కోసం అడిగాడు. యార్డులో మిగిలిపోయిన చట్రాలన్నిటినీ అతని కాంట్రాక్టరు తుక్కు కింద కొన్నాడు. వాటిని షెడ్డులోకి చేర్చి, గ్యాస్‌తో ముక్కలుగా కోసి, లారీలకు ఎక్కించాలి. క్రేన్ పనిచేస్తోంది, నడిపేవాళ్ళే లేరు, పాత డ్రైవర్లలో ఎవరు దొరుకుతారని వాకబు చేస్తే మీ పేరు చెప్పారు మేడమ్, అన్నాడు. రోజుకూలి. నర్సరీలో కంటే మేలే, కంపెనీలో ఆమెకొచ్చిన జీతంలో మూడో వంతు కూడా రాదు. రిజిస్టరులో పేరుండదు, సెలవులుండవు.

ఇంట్లో చెబితే బుల్లెమ్మ వద్దంది. గెంటేసిన గుమ్మం మళ్ళీ ఎందుకు తొక్కుతావని అడిగింది. వంగి మొక్కలు నాటలేకపోతున్నానని రత్నమాణిక్యం చెప్పింది. అది సగం నిజం. రెండో సగం క్రేన్ మీద ఇష్టం. అది అత్తగారికి చెప్పలేదు.

మొదటి రోజు గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె సంచీ విప్పి చూశాడు. నిచ్చెన ఎక్కుతుంటే మోకాళ్ళు నొప్పెట్టాయి. గదిలో పావురాలు రెట్టలేశాయి. తుడుచుకుని కూర్చుని స్విచ్చి వేస్తే క్రేన్ మొరాయించకుండా కదిలింది. ఆమె ఒళ్ళు పులకరించింది. ఆ కాసేపు అన్నీ మర్చిపోయింది. తరవాత కింద చట్రానికి హుక్కు తగిలించి, ఎత్తమని సైగ చేశారు. ఎత్తింది. అలాంటి చట్రాలను ఆ షెడ్డులోనే తాను ఎత్తి, వెల్డర్లకు అందించి, చక్రాల మీద కూర్చోబెట్టిన రోజులున్నాయి. ఇప్పుడు మంట దగ్గరకు తీసుకెళ్ళి దించాలి. ఆ మొదటివారం ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేకపోయింది. తరవాత తినగలిగింది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం జగన్నాథరావు ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. భార్యకు కిడ్నీలు పాడై కాకినాడ ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నానని, కంపెనీ ఇచ్చింది మొత్తం దానికే పోయిందని చెప్పాడు. తుక్కు పనికి తాను కూడా వెళ్ళి అడిగాడట. పెద్దవాడివి, ఎక్కడైనా పడితే మా మీదికొస్తుంది అని కార్తీక్ వెనక్కి పంపేశాడట.

"క్రేన్ అడగను మాణిక్యం. కింద హుక్కు తగిలించే పని ఉన్నా చాలు. నీ మాటైతే అతను వింటాడు. ఒక్క ముక్క చెప్పు."

"అడుగుతానండి," అంది.

అన్నయ్య అనలేదని ఇద్దరికీ తెలిసింది. ఆయన లేవబోతూ, అప్పుడు నేనన్న మాట మనసులో పెట్టుకోకమ్మా అన్నాడు. ఆమె కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చేసరికి ఆయన గొడుగు విప్పుకుని వాకిట్లో ఉన్నాడు.

"అడుగు అమ్మాయ్. పాపం, పెళ్ళాం మంచాన పడిందంటున్నాడు," అంది బుల్లెమ్మ.

రత్నమాణిక్యం ఆశ్చర్యపోయి అత్తగారి వైపు చూసింది. ఆ ముసలామె నిజంగానే అంటోంది. కొడుకును పోగొట్టుకున్న మనిషికి పోయిన కోపం తనకెందుకు పోలేదో ఆమెకు అర్థం కాలేదు. అలాగేనంది.

రెండు రోజులు కార్తీక్‌ను అడగలేదు. మూడో రోజు కార్తీకే నిచ్చెన దగ్గరకు వచ్చి ఆమెను కిందికి పిలిచాడు. కింద ఉన్న కొత్తవాళ్ళకు గొలుసు వేయడం రావట్లేదు, పని నడవట్లేదు అని విసుక్కున్నాడు.

"పాతవాళ్ళలో మీకు నమ్మకమైన మనిషి ఎవరైనా ఉన్నారా మేడమ్? కాస్త వయసైనా పర్లేదు, పని తెలిసుంటే చాలు."

జగన్నాథరావు పేరు ఆమె నోటి చివరి దాకా వచ్చింది. అది చెబితే రేపటి నుంచి ఆయన కింద నిలబడి తనకేసి చూస్తాడు. పొద్దున్నే పలకరిస్తాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని పక్కన కూర్చుంటాడు. కొన్నాళ్ళకు ఆ ఆదివారం ఏమీ జరగనట్టే అయిపోతుంది.

"ఎవరూ లేరండి," అంది. "అందరూ ఎక్కడివాళ్ళక్కడ వెళ్ళిపోయారు."

కార్తీక్ తలూపి వెళ్ళిపోయాడు. ఆమె నిచ్చెన ఎక్కింది. ఆ సాయంత్రం ఇంట్లో బుల్లెమ్మ అడిగితే, అడిగాను, కుదరదన్నారు అని చెప్పింది. అత్తగారితో ఆమె అబద్ధమాడటం అదే మొదటిసారి.

దసరాకు ముందు రాజమండ్రి బస్టాండులో బస్సెక్కి కూర్చుంటే, వెనక తలుపు నుంచి జగన్నాథరావు ఎక్కాడు. చేతిలో మందుల కవరు ఉంది. ఆమెను చూసి ముందుకొచ్చి పక్క సీటులో కూర్చున్నాడు. మండపేటలో ఒక మిల్లు దగ్గర వాచ్‌మన్ పని దొరికిందని, రాత్రిళ్ళు డ్యూటీ అని, ఇంటావిడకు అలాగే ఉందని చెప్పాడు. కవరు ఒళ్ళో పెట్టుకుని, ఆ పని సంగతి అడిగావా అమ్మా అన్నాడు.

"అడిగానండి. కుదరదన్నారు."

"సరేలే. అడిగావు కదా, అదే చాలు."

కండక్టరు వచ్చాడు. ఆమె సంచీలో చెయ్యి పెట్టేలోపే ఆయన చొక్కా జేబులోంచి నోటు తీసి, రెండు ఇవ్వు బాబూ, ఒకటి కడియం, అన్నాడు. ఆమె వద్దంది. ఆయన వినిపించుకోలేదు. చిల్లర సరిచూసుకుని, ఆమె టిక్కెట్టు ఆమె చేతిలో పెట్టాడు.

కడియం వచ్చింది. ఆమె దిగి, వాన నీళ్ళు దాటుకుంటూ రోడ్డు పక్కకు చేరింది. జాగ్రత్తమ్మా అని కిటికీలోంచి ఆయన అనడం వినిపించింది. తలెత్తకుండానే, అలాగేనండి, అంది. బస్సు మండపేట వైపు వెళ్ళిపోయింది.